అడిగించుకోకండి సార్

జీతాల రిజిస్టరు ఒక్కటి నా చేతిలో పెడితే చాలు, ఆ షాపు ఓనరు ఎలాంటి మనిషో ఓ మాదిరిగా చెప్పేయగలను. గొప్పకు అంటున్న మాట కాదు, నా పని అలాంటిది. విజయవాడ వన్‌టౌన్‌లో, బీసెంట్ రోడ్డులో కొన్ని బట్టల షాపులకు, ఒకట్రెండు మందుల షాపులకు, ఆటోనగర్‌లో కొన్ని వర్క్‌షాపులకు లెక్కలు రాస్తాను. జీఎస్టీ, పనివాళ్ల పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఆరోగ్య బీమా) కట్టేది కూడా నేనే. కొన్ని రిజిస్టర్లలో ఏళ్ల తరబడి అవే పేర్లు ఉంటాయి, పెళ్లయి ఇంటిపేరు మారిన అమ్మాయిలవి తప్ప. కొన్నిట్లో ఉగాదికి ఉన్న పేరు దసరాకి ఉండదు. చిత్రం ఏంటంటే ఈ రెండు రకాల షాపులూ ఒకే వీధిలో ఉంటాయి, అమ్మేది అవే చీరలు, జీతాల్లో తేడా వెయ్యికి మించదు.

"మేడం, ఈ రోజుల్లో పనివాళ్లు నిలవట్లేదు, ఏం చేస్తే ఉంటారంటారు?" అని ఓనర్లు నన్ను అడుగుతూనే ఉంటారు, మా ఇంట్లో ఏదో మంత్రం ఉన్నట్టు. ఒకాయన ఎక్కడో పెద్ద హోటల్లో ఏదో మోటివేషన్ క్లాసుకు వెళ్లొచ్చి, పొద్దున్నే షట్టరు తీయగానే అందర్నీ వరసలో నిలబెట్టి చప్పట్లు కొట్టించడం మొదలుపెట్టారు. ఇంకొకాయన 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' అని గోడకి ఫ్రేమ్ కట్టించారు. ఆ ఫ్రేములో ఉన్న కుర్రాడు నెల తిరక్కుండా ఎదురు షాపులో చేరాడు, ఫోటో మాత్రం ఇంకా అక్కడే ఉంది, తీసేవాళ్లు లేక.

నేను చెప్పేది ఒకటే. మీ దగ్గర పనిచేసే మనిషి తనకు రావాల్సినవాటి కోసం నెలలో ఎన్నిసార్లు మిమ్మల్ని అడగాల్సి వస్తోందో లెక్క చూసుకోండి. జీతం కోసం ఒకసారి, సెలవు కోసం ఒకసారి, అడ్వాన్స్ కోసం ఒకసారి, పీఎఫ్‌లో పేరు తప్పుందని ఒకసారి, బాత్రూమ్ తాళం కోసం రోజూ. అడిగిన ప్రతిసారీ మనిషి కాస్త చిన్నబోతాడు. సంతోషం, ఉత్సాహం అంటూ మనం మాట్లాడుకునేదంతా ఆ చిన్నబోవడాలన్నీ పోగా మిగిలినదాంట్లోంచి రావాలి. ఏమీ మిగలకపోతే చప్పట్లు ఎన్ని కొట్టించినా రాదు.

జీతంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే గొడవలో సగం దానిదే. 'ఎంత' అన్నదానికన్నా 'ఎప్పుడు' అన్నదాని మీద. చేరేటప్పుడు పదిహేను వేలంటే పదిహేను వేలకే ఒప్పుకుని చేరతారు, అది ఒకసారి తేలిపోయే విషయం. ఎప్పుడొస్తుంది అన్నది మాత్రం ప్రతి నెలా కొత్తగా తేలాలి. వెయ్యిమంది లోపు పనిచేసే చోట తర్వాతి నెల 7వ తేదీ దాటకుండా జీతం ఇచ్చేయాలని 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనే ఉండేది, దాని స్థానంలో ఇప్పుడొచ్చిన కొత్త చట్టం, వేతనాల కోడ్‌లో కూడా నెల జీతానికి అదే 7వ తేదీ. కానీ చాలా షాపుల్లో "వారంలో ఇస్తా" అన్నదే తేదీ. ఏ వారం అన్నది కలెక్షన్ బట్టి, ఓనరుగారి మూడ్ బట్టి.

ఇక్కడ ఓనర్లకు కనపడని లెక్క ఒకటుంది. కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి అయిదో తేదీన ఇంటద్దె, ఎనిమిదో తేదీన డ్వాక్రా వాయిదా, పదో తేదీన ఫోన్ ఈఎంఐ, నడుమ ఎక్కడో ఒక చీటీ. జీతం పన్నెండుకి పడితే ఈఎంఐ బౌన్స్ అవుతుంది, బ్యాంకు వాడు చార్జీ వేస్తాడు, ఆ చార్జీ మీద జీఎస్టీ కూడా వేస్తాడు, ఫైనాన్స్ వాడు తన పెనాల్టీ తను వేస్తాడు. డ్వాక్రా గ్రూపులో అయితే డబ్బు కంటే మాట పోవడం పెద్దది, పదిమంది ఆడవాళ్ల ముందు "ఈ నెల కూడా లేటేనా" అనిపించుకోవాలి. ఇదంతా మీరు ఐదు రోజులు ఆలస్యం చేసినందుకు. మీకు అయిన ఖర్చు సున్నా, ఆమెకు అయింది ఐదారు వందలు, దాని పైన పరువు. ఆ తర్వాత ఆమె కస్టమర్‌కి చీర విప్పి చూపించేటప్పుడు మొహంలో నవ్వు లేదని ఫ్లోర్ మేనేజరు కంప్లైంట్ చేస్తాడు.

నేను లెక్కలు రాసే షాపుల్లో ఒకచోట జీతం ఒకటో తేదీ మధ్యాహ్నానికల్లా ఖాతాల్లో పడిపోతుంది, ఆదివారమైతే శనివారమే. అక్కడ జీతాలు వీధిలో అందరికంటే ఎక్కువేమీ కాదు. అయినా పక్క షాపు వాళ్లు వెయ్యి ఎక్కువిస్తామని పిలిచినా కదలరు. ఒకమ్మాయిని అడిగాను, వెళ్లొచ్చుగా అని. "అక్కడ వెయ్యి ఎక్కువే మేడం, కానీ అడగాలి" అంది.

అడ్వాన్సుల సంగతి దీనికి తోబుట్టువు. మన దగ్గర నెల మధ్యలో అడ్వాన్స్ తీసుకోని పనివాడు అరుదు, అది తప్పూ కాదు. అది అడిగించుకునే పద్ధతి మాత్రం ఘోరంగా ఉంటుంది. రాత్రి కౌంటర్ క్లోజ్ చేసే టైములో, క్యాషియర్, ఇద్దరు కుర్రాళ్లు, ఒక్కోసారి కస్టమర్లు కూడా ఉండగా, తలొంచుకుని నిలబడాలి. ఎందుకు అని ఓనరు అడుగుతారు. పాపకి జ్వరం అని చెప్పాలి, లేదా మొగుడు పనిలోకి పోవట్లేదని చెప్పాలి. కారణం బాగా బరువుగా ఉంటేనే డబ్బులొస్తాయి కాబట్టి నిజం చాలకపోతే కొంత కలపాలి కూడా. ఒక మనిషితో అబద్ధం ఆడించి, ఆ తర్వాత "వీళ్లన్నీ అబద్ధాలే చెబుతారు మేడం" అనే ఓనర్లని చూశాను.

ఒక మందుల షాపాయన దీనికి తేలికైన దారి కనిపెట్టారు. పదిహేనో తేదీన ఎవరైనా సరే జీతంలో మూడో వంతు దాకా తీసుకోవచ్చు. క్యాషియర్ దగ్గర పుస్తకంలో పేరు రాసి సంతకం పెడితే చాలు, కారణం ఎవరూ అడగరు. మొదటి నెల దాదాపు అందరూ తీసుకున్నారు, ఆయన కంగారుపడి నాకు ఫోన్ చేశారు కూడా. ఆ తర్వాత నెలల్లో తీసుకునేవాళ్లు తగ్గుతూ వచ్చారు. కావాలన్నప్పుడు దొరుకుతుందని తెలిశాక ముందుగా తీసి దాచుకోవాల్సిన అవసరం పోయింది మరి. ఇప్పుడు ఆ పుస్తకంలో నెలకు ముగ్గురో నలుగురో ఉంటారు.

ఇప్పుడు ఒక కష్టమైన విషయం రాయాలి. నేను చెడ్డ ఓనర్ల గురించి మాట్లాడట్లేదు. వాళ్లకి ఇది చదివే ఓపిక ఉండదు, చదివినా లాభం లేదు. నాకు బాధ కలిగించేది మంచి ఓనర్లు. వర్కర్ తండ్రికి గుండె ఆపరేషన్ అంటే రెండు లక్షలు తీసిచ్చే మనిషి, అమ్మాయిల పెళ్లిళ్లకి తాళిబొట్టు చేయించే మనిషి, నెల జీతం మాత్రం పద్దెనిమిదో తేదీకి గానీ ఇవ్వడు. ఎందుకు అంటే ఆయనకే తెలియదు. నాకు అర్థమైనంతలో ఆయనకు ఇవ్వడం ఇష్టం, కానీ ఇచ్చేముందు ఎవరో ఒకరు వచ్చి అడగడం ఇంకా ఇష్టం. ఆపరేషన్‌కి ఇచ్చింది ఆయన దయ, ఆయన పేరు వీధంతా మోగుతుంది. ఒకటో తేదీన ఇచ్చే జీతానికి పేరేం వస్తుంది? ఎవరూ దండం పెట్టరు. అందుకని జీతాన్ని కూడా దయ ఖాతాలోకి లాగేశారు.

పనివాళ్లు దీన్ని ఎంత బాగా పట్టేస్తారో ఓనర్లకు తెలియదు. ఆ షాపులోనే పాత సేల్స్‌మన్ ఒకాయన నాతో అన్నాడు, "సారు దేవుడు మేడం, కాదనను. కానీ దేవుడి దగ్గర ఉద్యోగం కష్టం, ఏ రోజు మూడ్ బాగుందో చూసుకుని దణ్ణం పెట్టుకోవాలి." ఆ మాట విని నేను నవ్వాను, ఆయన నవ్వలేదు.

పీఎఫ్, ఈఎస్ఐ నా రోజువారీ తిండి కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, విసుగనిపిస్తే కిందికి దిగిపోండి. ఇరవైమంది ఉంటే పీఎఫ్, పదిమంది ఉంటే ఈఎస్ఐ. పీఎఫ్‌కి వర్కర్ జీతంలోంచి 12 శాతం, ఓనరు అంతే. ఈఎస్ఐకి వర్కర్ వాటా 0.75 శాతం, ఓనరుది 3.25, అదీ జీతం నెలకు 21,000 దాకా ఉన్నవాళ్లకి. రెండూ తర్వాతి నెల 15వ తేదీ లోపు కట్టాలి. వర్కర్ జీతంలోంచి కోసి, కట్టకుండా వాడేసుకోవడం నేరం కిందికి వస్తుంది, ఇది చాలామందికి 'లేట్ ఫీజు' వ్యవహారంలా అనిపిస్తుంది గానీ కాదు. పైగా ఇప్పుడు పాస్‌బుక్ ఫోన్లోనే కనపడుతుంది. ఏ నెల పడలేదో వర్కర్‌కి తెలుసు, తెలిసి కూడా అడగలేక ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడాన్ని మీరు నమ్మకం అనుకుంటారు.

కట్టేవాళ్లు కూడా ఒకటి వదిలేస్తారు. వర్కర్ పేరు ఆధార్‌లో ఒకలా, పీఎఫ్‌లో ఒకలా ఉంటుంది. 'వెంకట' అన్నది ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు, లేదంటే పెళ్లయ్యాక ఇంటిపేరు మారి ఉంటుంది. సరిచేయడానికి ఓనరు వైపు నుంచి కొన్ని క్లిక్కులు చేస్తే అయిపోతుంది, కానీ ఆ క్లిక్కుల కోసం ఆ అమ్మాయి నెలల తరబడి తిరుగుతుంది, ఇంట్లో కష్టమొచ్చి తన డబ్బు తను తీసుకోలేక. నేను కొత్త మనిషి చేరిన వారంలోనే ఆధార్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టుకుని పేరు సరిచూసేస్తాను. అరగంట పని. ఈఎస్ఐ కార్డు కూడా ప్రింటు తీసి చేతికిచ్చి, జబ్బు చేసి పనికి రాలేకపోతే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వాళ్లే ఇస్తారని చెబుతాను. చాలామంది నోరెళ్లబెడతారు. వాళ్ల జీతంలోంచి ఏళ్లుగా కోత పడుతోంది, దేనికో ఎవరూ చెప్పలేదు.

దసరా బోనస్ సంగతికొద్దాం. 1965 నాటి బోనస్ చట్టంలో కనీసం 8.33 శాతం, గరిష్ఠంగా 20 శాతం అని పెట్టారు, కొత్త కోడ్‌లోనూ ఆ రెండు అంకెలూ మారలేదు. 8.33 అన్నది ఎక్కడి నుంచి ఊడిపడింది అనుకుంటారేమో, పన్నెండో వంతు అది, అంటే ఏడాదికి ఒక నెల. చట్టం లెక్క వేరు, వీధి లెక్క వేరు. మా వైపు షాపుల్లో దసరాకి స్వీట్ బాక్స్, బట్టలు, ఒక కవర్. ఆ కవర్లో ఎంతుందో తెరిచేదాకా తెలియదు, పక్కవాడి కవర్లో ఎంతుందో అసలు తెలియకూడదు. ఓనర్లు దీన్ని తెలివి అనుకుంటారు. కానీ సాయంత్రం టీ కొట్టు దగ్గర అందరికీ అన్ని కవర్లూ తెలిసిపోతాయి, తక్కువ వచ్చినవాడికి ఎందుకు తక్కువ వచ్చిందో మాత్రం తెలియదు. పండగ రోజు ఒక మనిషిని మూడు వేలిచ్చి మరీ ఏడిపించడం ఎలాగో తెలుసుకోవాలంటే ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

మా పెద్దమ్మ వాళ్లది కొత్తగూడెం. సింగరేణిలో లాభాల వాటా ప్రకటించే రోజుల్లో అక్కడ ఉండి చూడాలి, ఊరంతా ఆడిటర్లే. పాతికేళ్ల నుంచీ కంపెనీ లాభంలో ఇంత శాతం అని కార్మికులకు పంచుతున్నారు. 2023–24 లాభాలకు 33 శాతం, మొత్తం 796 కోట్లు. ఆ ఏడాదే మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు కూడా తలకు 5,000 ఇచ్చారు. శాతం తెలుసు, ఎన్ని మస్టర్లు (హాజరు రోజులు) పడ్డాయో తెలుసు, భూగర్భంలో చేసిన మస్టరుకి ఎంత, పైన చేసిన మస్టరుకి ఎంత అన్నది తెలుసు, కాబట్టి డబ్బు పడకముందే ఎవరికెంతో వాళ్లే వేసుకుంటారు. గొడవలు లేవా అంటే బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ ఏడాది మొత్తం లాభం 4,701 కోట్లయితే విస్తరణకని 2,289 కోట్లు పక్కన పెట్టి మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం లెక్క కట్టారు, అదేంటి మొత్తం మీద ఇవ్వాలి కదా అని యూనియన్లు దుమ్మెత్తిపోశాయి. చూడండి, వాళ్లు పోట్లాడింది లెక్క మీద. "అయ్యా కాస్త చూడండి" అని చేతులు కట్టుకుని నిలబడటానికీ, "మీ లెక్క తప్పు" అనడానికీ ఎంత దూరం ఉందో మా వన్‌టౌన్‌లో పనిచేసేవాళ్లకు బాగా తెలుసు.

సింగరేణి ప్రభుత్వ సంస్థ, వాళ్లతో మాకు పోలికేంటి అంటారు ఓనర్లు. పోలిక డబ్బులో కాదు. పన్నెండుమంది ఉన్న షాపులో కూడా, ఏడాది మొత్తం పనిచేస్తే ఒక నెల జీతం, ఆరు నెలలు చేస్తే సగం, స్టాక్ క్లియరెన్స్‌లో పీసుకి ఇంత అని కాగితం మీద రాసి క్యాష్ కౌంటర్ వెనక అంటించొచ్చు. ఎక్కువివ్వలేకపోతే ఎక్కువ రాయకండి. రాసింది ఇవ్వండి.

కుర్చీ గురించి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. బట్టల షాపుల్లో పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉంటారు. కస్టమర్ లేకపోయినా కూర్చోకూడదు, సీసీ కెమెరాలో ఓనరు చూస్తారు, వెంటనే ఇంటర్‌కమ్‌లో ఫోన్ వస్తుంది. కేరళలో కోళికోడ్‌లో మిఠాయి వీధి షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు మొదట బాత్రూమ్ కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడితే 2018లో అక్కడి ప్రభుత్వం షాపుల చట్టం సవరించింది. 2021లో తమిళనాడు కూడా చేసింది. కూర్చోవడానికి చట్టం కావాల్సి వచ్చిందంటే మనం ఎక్కడున్నామో అర్థం చేసుకోవచ్చు. మన దగ్గర అమ్మాయిలు మధ్యాహ్నం నీళ్లు తాగరు, ఎందుకంటే బాత్రూమ్ పక్క కాంప్లెక్సులో ఉంటుంది, వెళ్లాలంటే ఫ్లోర్ మేనేజర్‌ని అడగాలి, ఆ మేనేజరు పాతికేళ్ల కుర్రాడు. ఎలా అడుగుతుంది? దాని ఫలితం నాకు ఈఎస్ఐ ఆస్పత్రి చీటీల్లో కనపడుతుంది. స్టూలు ఆరేడు వందలు. కౌంటర్‌కి ఒకటి వేయండి, కస్టమర్ రాగానే లేస్తారు, వాళ్లకీ అమ్మకం కావాలి, ఇన్సెంటివ్ వాళ్లదే కదా.

ఇంకో దరిద్రం, షార్టేజీ. ఏడాది చివర స్టాక్ లెక్కేస్తే నాలుగు చీరలు తక్కువొచ్చాయి. ఎవరు తీశారో తెలియదు, కస్టమరే పట్టుకుపోయి ఉండొచ్చు, బిల్లింగులో తప్పు పడి ఉండొచ్చు. అయినా ఆ కౌంటర్‌లో ఉన్న అందరి జీతంలో సమానంగా కోసేస్తారు. ఇలా కోయడానికి చట్టం ఒప్పుకోదు. ఫలానా మనిషి నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగిందని తేలాలి, కోసేముందు ఆ మనిషి చెప్పుకునేది వినాలి. చట్టం పక్కన పెట్టండి, వ్యాపారం లెక్కే చూడండి. పన్నెండు వేల నష్టాన్ని పదిమందికి పంచి, పదిమందినీ దొంగల్ని చేసి, వాళ్ల చేతుల్లోనే కోటి రూపాయల సరుకు పెట్టి మీరు తిరుపతి వెళ్తున్నారు.

మెచ్చుకోవడం, పుట్టినరోజు కేకులు, వనభోజనాలు, ఇవి వద్దనను. చేయండి. పైవన్నీ అయ్యాక.

ఇదంతా చిన్న షాపుల గోల, మాది కార్పొరేట్ అనుకునేవాళ్లకి ఒక మాట. మా అన్నయ్య కొడుకు గచ్చిబౌలిలో పనిచేస్తాడు, జీతం నెలాఖరు రోజే పడిపోతుంది, కాఫీ ఫ్రీ, కుర్చీ అయితే మా ఇంట్లో సోఫా కంటే బాగుంటుంది. అయినా వాడు కూడా అడుగుతూనే ఉంటాడు. వాడి పెళ్లికి పెట్టిన సెలవు పోర్టల్‌లో 'పెండింగ్' అని వారాల తరబడి కనపడింది, ముహూర్తం దగ్గరకొస్తుంటే మా వదిన రోజూ "అప్రూవ్ అయిందా" అని అడిగేది, ఏదో వీసా లాగా. వేరియబుల్ పే, అంటే జీతంలో పనితీరును బట్టి ఇచ్చే భాగం, ఎంతొస్తుందో ఆ ఏడాది అయిపోయాక గానీ తెలియదు, ఏ లెక్కన వచ్చిందో ఎప్పటికీ తెలియదు. ఏసీలో ఇచ్చినా కవరు కవరే.

మనిషి మానేసి వెళ్లేటప్పుడు ఏం చేస్తారన్నది నా లెక్కలో అన్నిటికంటే పెద్ద పరీక్ష, ఎందుకంటే మిగిలినవాళ్లంతా అదే చూస్తారు. వెళ్లిపోతున్నవాడికి చివరి నెల జీతం ఆపేయడం మా వీధిలో ఆచారం. "మళ్లీ వారం రారా", "సారు ఊళ్లో లేరు", "కొత్తవాడు కుదరనీ". 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో బాకీ తేల్చేయాలి. ఇది చెబితే ఒక ఓనరుగారు నన్నే అనుమానంగా చూశారు, నేను వర్కర్ల తరఫున వచ్చానేమోనని. గ్రాట్యుటీ అయితే ఇంకా విచిత్రం. ఐదేళ్లు నిండిన మనిషికి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, చివరి నెల జీతాన్ని 26తో భాగించి. మూలవేతనం, డీఏ (కరువు భత్యం) కలిపి 18,000 ఉండి పదేళ్లు చేస్తే 1,03,846 రూపాయలు. దీన్ని మీ లెక్కల్లో ఏటా కొంత పక్కన పెట్టుకుంటూ వస్తే ఆ రోజు గుండె ఆగదు. పక్కన పెట్టుకోరు, ఆ రోజు వచ్చాక "ఇన్నేళ్లు అన్నం పెట్టాను, లక్ష అడుగుతున్నాడు చూడండి" అంటారు. అప్పుడు షాపులో మిగిలిన పదిమందీ వింటూ ఉంటారు. వాళ్లకీ ఏదో ఒక రోజు పదేళ్లు నిండుతాయి.

ఓనర్ల కష్టాలు నాకు తెలియవని కాదు, వాళ్ల పుస్తకాలు రాసేదాన్నే. సరుకు పంపే సూరత్ పార్టీకి బాకీ, షాపు అద్దె, 20వ తేదీకి జీఎస్టీ, ఆషాఢంలో సగం ధరకి అమ్మినా కదలని సరుకు, హోల్‌సేల్‌లో అరువు తీసుకుని ఫోన్ ఎత్తని చిల్లర వ్యాపారులు. అడ్వాన్స్ తీసుకుని మర్నాటి నుంచి కనపడని కుర్రాళ్లూ ఉన్నారు. నేను ఒక్క ఉపాయం చెబుతాను, పాటించినవాళ్లకి పనికొచ్చింది. జీతాలకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. నెల జీతాల మొత్తాన్ని పాతికతో భాగించి, ఆ ముక్క రోజూ రాత్రి కౌంటర్ కలెక్షన్‌లోంచి ఆ ఖాతాకి పంపేయండి, సూరత్ వాడు ఫోన్ చేసినా దాన్ని ముట్టుకోవద్దు. నెలాఖరుకి జీతాలు సిద్ధంగా ఉంటాయి. అప్పుడు ఇంకా మీరు పన్నెండో తేదీ దాకా ఆపుతున్నారంటే, డబ్బు లేక ఆపుతున్నారో అడిగించుకోవడానికి ఆపుతున్నారో మీకే తెలుస్తుంది.

"అడక్కుండా అన్నీ ఇచ్చేస్తే రేపు నా మాట ఎవడు వింటాడు మేడం?" అని ఒకాయన సూటిగానే అడిగారు. నిజాయితీగా అడిగారు కాబట్టి నాకు నచ్చింది. నేను ఆయనకి బోధ చేయలేదు, సెలవుల పుస్తకం ఒకటి పెట్టి చూడమన్నాను. అంటే ఎవరికి ఏ రోజు సెలవు కావాలో వాళ్లే రాసుకోవాలి, ఫ్లోర్‌కి ఇద్దరికి మించి ఒకే రోజు కుదరదు, మూడోవాళ్లు వస్తే వాళ్లూ వాళ్లూ మాట్లాడుకోవాలి, ఓనరు దగ్గరకి రాకూడదు. ఆయనకి భయమేసింది, దసరా ముందు ఇలాంటి ప్రయోగం చేస్తే షాపు మూసుకోవాల్సిందేనని. దసరా అంటే మాకు రెండు రకాల తలనొప్పి, ఒకపక్క సీజన్ అమ్మకాలు, ఇంకోపక్క కొండ మీద అమ్మవారి రద్దీకి వన్‌టౌన్ రోడ్లన్నీ మళ్లించేస్తారు, మూలా నక్షత్రం రోజైతే భవానీపురం వైపు నుంచి వచ్చేవాళ్లు షాపు చేరేసరికి పన్నెండవుతుంది.

పుస్తకం పెట్టిన మొదటి వారం గోలగోలగానే ఉందట. తర్వాత చర్చికి వెళ్లే ఇద్దరు అమ్మాయిలు దసరా రోజుల్లో మేముంటాం, మాకు క్రిస్మస్ ముందు రెండు రోజులు వదిలేయండి అన్నారు. ఆల్టరేషన్ టైలర్ భాయ్ కూడా అదే బేరం రంజాన్‌కి పెట్టుకున్నాడు. భవానీపురం వాళ్లు మూలా నక్షత్రం రోజు సెలవు తీసుకుని, బదులుగా ఒక ఆదివారం వచ్చారు. ఆ సీజన్‌లో చెప్పకుండా మానేసినవాళ్లు ఒక్కరూ లేరని ఆయనే నాకు ఫోన్ చేసి చెప్పారు, కాస్త ఆశ్చర్యంగా, కాస్త తనను ఎవరూ ఏమీ అడగలేదన్న వెలితితో. సంక్రాంతికి భోగి రోజు ఎవరుండాలన్నది మాత్రం ఇంకా తేలలేదట, పుస్తకంలో ఆ పేజీ నిండా కొట్టివేతలేనట.